నీడ ఉన్న వంతెనలు

10 అక్టోబరు 2025, శుక్రవారం

నా చేతిరాత బాగోదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు పడతాయి. చదివేవాళ్ళు పెద్ద మనసు చేసుకుని మన్నించాలి. చదివేవాళ్ళు ఎవరూ లేరు. అయినా కలం పట్టుకోగానే ముందు ఇదే రాయాలనిపించింది.

ఈ డైరీ ఏదో బ్యాంకు వాళ్ళు బాబాకి, అంటే నేను పనిచేసే ఇంటి యజమానికి ఇచ్చారు. ఆయన ముట్టుకోలేదు, నేను అడిగితే తీసుకోమన్నాడు. అరబ్బీ డైరీ కదా, కుడి నించి తెరుచుకుంటుంది. నేను వెనక నించి రాస్తున్నాను. అచ్చేసిన తేదీలు కొట్టేసి నా తేదీలు వేసుకుంటున్నాను.

రాయమన్నది సత్యప్రసాద్. అమలాపురం కుర్రాడు, హవల్లీలో సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు. యాభై దాటాయి, అయినా నాకు కుర్రాడే. నా ఫోటోలు ప్రింటు తీసిచ్చేది అతనే. "బాబాయ్, ఏ వంతెన ఎక్కడిదో రాసి పెట్టుకోకపోతే రేపు మీకే తెలీదు. అన్నీ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. ఒకలాగే లేవు. కానీ రాసుకుంటే మంచిదే.

కాబట్టి ఇది వంతెనల గురించి.

నేను తీసేవి పెద్ద రోడ్ల మీద మనుషులు నడిచి దాటే వంతెనలు. అన్నీ కాదు, పైన కప్పు ఉన్నవే, అందులోనూ పాతవే. కొత్తవాటికి అద్దాలూ లిఫ్టులూ ఉంటాయి. అవి నాకొద్దు. పాతవాటికి రేకు కప్పు, రెండు పక్కలా ఇనప చువ్వలు. ఆ రేకు మీద ఇసక కొట్టీ కొట్టీ రంగు పోయి, ఒక్కో వంతెనకి ఒక్కో రకం వయసు వస్తుంది.

ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళకి పైగా డ్రైవరు పని చేశాను. వాటి కింద నించి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. పైకి ఒక్కసారీ ఎక్కలేదు. కారున్నవాడికి వంతెనతో పనేముంది. కిందటేడు కళ్ళ పరీక్షలో లైసెన్సు పోయింది. బాబా నన్ను పొమ్మనలేదు. "సూరీ, నువ్వు టీ బాగా పెడతావు, దివానియా చూసుకో" అన్నాడు. సాయంత్రం ఆయన స్నేహితులు వచ్చి కూచునే హాలు అది. పగలు నాకు పని తక్కువ.

ఒకరోజు నడిచి రోడ్డు దాటాల్సొచ్చి ఎక్కాను. మధ్యలో ఆగిపోయాను. కింద కార్లు పోతుంటే కాళ్ళ కింద ఇనుము సన్నగా వణికింది. నాకూ వణుకు వచ్చింది, కానీ భయం కాదు. ఇంత నీడ ఇన్నేళ్ళు నా నెత్తి మీదే ఉందా అనుకున్నాను. అక్కడ తీసిన ఫోటో మొదటిది.

మనుషుల్ని తియ్యను. ఇక్కడ ఎవర్నీ అడక్కుండా ఫోటో తియ్యకూడదు, కేసు. అడగడం నాకు రాదు. ఖాళీ అయ్యేదాకా ఆగుతాను.


17 అక్టోబరు, శుక్రవారం

నాలుగో రింగు రోడ్డు వంతెన. ఇటు జాబ్రియా, మా ఇల్లు ఉన్న పేట. అటు దిగితే హవల్లీ. పొద్దున్నే తూర్పు వైపు చువ్వల్లోంచి ఎండ పడి నేల మీద నిచ్చెన వేసినట్టుంటుంది. మధ్యలో నిలబడి చూస్తే అవతలి చివర ఒక తెల్ల కిటికీలాగా కనబడుతుంది.

ఫోను పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. "కదలకే తల్లీ, ఒక్క నిమిషం" అన్నాను ఫోనుతో.

"కదలట్లేదండీ. ఇక్కడే నిలబడ్డాను" అని వెనక నించి వినబడింది.

తిరిగి చూస్తే ఒకావిడ. చీర మీద స్వెట్టరు, చేతిలో సంచి. నా ఫోటో పాడవకూడదని మెట్ల మీదే ఆగిపోయింది. ఎంతసేపటి నించి ఆగిందో తెలీదు.

"మిమ్మల్ని కాదండీ. ఫోన్ని" అన్నాను.

"ఫోన్లకి కూడా తెలుగొచ్చా" అని నవ్వి, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.




18 అక్టోబరు

ఫోటో చూశాను. బాగా వచ్చింది. తిరిగినప్పుడు వేలు తగిలి ఇంకో ఫోటో పడింది. తిరిగినప్పుడు వేలు తగిలి ఇంకో ఫోటో పడింది. తీసేద్దామనుకున్నాను. వెలుగు బాగుందని ఉంచాను.


24 అక్టోబరు, శుక్రవారం

మళ్ళీ అదే వంతెన. వెలుగు మారిందేమో చూద్దామని వెళ్ళాను.

ఆవిడ వచ్చింది. పేరు రత్నమణి. జాబ్రియాలోనే ఒక ముసలి మామా దగ్గర పని (ఇక్కడ ఇంటి యజమానురాల్ని మామా అంటారు). మామా మంచం దిగదు, మాట కూడా తక్కువే. ప్రతి శుక్రవారం సగం రోజు సెలవిస్తారు. హవల్లీలో ఒక బిల్డింగు కింద గదిలో తెలుగు క్రైస్తవుల ప్రార్థన ఉంటుంది, అక్కడికి వెళ్తుంది.

"మీదే ఊరండీ?"

"సఖినేటిపల్లి."

"అయ్యబాబోయ్, మాది నర్సాపురం. మా రేవులో నిలబడి గట్టిగా పిలిస్తే మీ రేవులో వినబడేది. మీ ఊరికీ మా ఊరికీ మధ్య వంతెన లేదు, ఏరు దాటాలంటే ఇప్పటికీ పంటు పడవే గతి. మీరేమో ఇక్కడికొచ్చి వంతెనలు ఫోటోలు తీసుకుంటున్నారు."

"ఆయ్" అన్నాను.

"ఎందుకండీ మరి?"

చాలాసేపు ఆలోచించాను. పాపం ఆవిడ నిలబడే ఉంది. "నీడుంటుంది కదండీ" అన్నాను చివరికి.

ఆవిడ పైకి చూసింది, రేకు కేసి. "ఔను, నిజమే" అంది. నవ్వలేదు. ఇన్నాళ్ళలో నవ్వకుండా విన్నది ఈవిడొక్కర్తే.

నా నంబరు అడిగింది. వంతెనల ఫోటోలు మామాకి చూపిస్తానంది. కిటికీ తప్ప చూడ్డానికి ఆ ముసలావిడకి ఇంకేం లేదంట.


27 అక్టోబరు

కొత్త డ్రైవరు సామాన్లకి దజీజ్ గోడౌన్లకి వెళ్తుంటే నేనూ ఎక్కాను. అక్కడ ఒక వంతెన ఉంది. కప్పు రేకులు రెండు ఎగిరిపోయాయి. ఆరు ఫోటోలు తీశాను. రత్నమణి గారికి రెండు పంపాను. మామా కోసం.


31 అక్టోబరు, శుక్రవారం

నాలుగో రింగు వంతెన. ఫోటో తియ్యలేదు. ఎండ ఎక్కువగా ఉంది.


1 నవంబరు

నిన్న ఆవిడ రాలేదు. రాయడం మర్చిపోయాను.


2 నవంబరు, ఆదివారం

ప్రింట్ల కోసం సత్యప్రసాద్ కొట్టుకి వెళ్ళాను. ఫోను కంప్యూటరుకి పెట్టి చూస్తూ కూచున్నాడు.

"బాబాయ్, నాలుగో రింగుదే ఇన్నున్నాయేంటి? మిగతా రింగులేం పాపం చేశాయి?"

"వెలుగు రోజుకోలాగా ఉంటుంది."

"వెలుగు రోజూ వస్తుంది కదా బాబాయ్. మీరు శుక్రవారమే తీస్తున్నారు." చెప్పు ఉన్న ఫోటో పెద్దది చేశాడు. "ఇదేంటిది, వంతెనకి చెప్పు మొలిచింది?"

"అది పొరపాటున పడింది. ప్రింటు తియ్యకు."

"తియ్యొద్దా?"

"సరే, తీస్తే తియ్యి."

వాడు నవ్వుతూనే ఉన్నాడు. కొట్లో టీ తాగకుండా వచ్చేశాను.


7 నవంబరు, శుక్రవారం

వచ్చింది. కిందటి వారం మామాకి ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకెళ్ళారంట. ఇప్పుడు ఇంట్లోనే, గాలి మిషను పెట్టారు.

వంతెన మధ్యలో కాసేపు ఆగాం. ఎవరైనా వస్తే దారిచ్చి మళ్ళీ నిలబడ్డాం.

"మీ ఫోటోలు మామాకి రోజూ చూపిస్తున్నానండి. ఒకటి అయ్యాక కళ్ళు మూసి తెరుస్తుంది. ఇంకోటి పెట్టమని. దజీజ్‌ది చూసి మొన్న మాట్లాడింది కూడా."

"ఏమన్నారు?"

"ఇంత నీడ పెట్టుకుని ఒక్క మనిషిని కూచోబెట్టలేదేం, ఈ ఫోటోలు తీసేవాడికి మనుషులంటే భయమా అంది."

"మీరేం చెప్పారు?"

"భయం కాదు మామా, మొహమాటం అన్నాను. అరబ్బీలో మొహమాటానికి నాకు తెలిసిన మాట లేదు. పెళ్ళికూతురులాగా ఉంటాడని చెప్పేను."

నేను కింద కార్లు చూస్తూ నిలబడ్డాను.

"కోపమొచ్చిందా ఏంటండీ?"

"లేదండీ."

"మీ ఆవిడ ఊళ్ళో ఉంటారా?"

"సూరాయమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది."

"మా ఆయన పోయి ఇరవై. నాకు పిల్లల్లేరు."

"నాకు అమ్మాయి. వెంకటదుర్గ. ముమ్మిడివరంలో ఇచ్చాం."

ఇంతే మాట్లాడుకున్నాం. ఆవిడ సంచి నేను పట్టుకున్నాను హవల్లీ మెట్ల దాకా. బరువేం లేదు.

ఒకటి రాసుకోవాలి. ఆవిడ అక్కడ నిలబడి ఉండగా, ఇలా ఉంటే ఒక ఫోటో తియ్యనా అని అడిగాను. నేనే అడిగాను. తియ్యమంది. జుట్టు సర్దుకుంది. ఫోటో అంత బాగా రాలేదు, చెయ్యి కదిలింది. ఎవరికీ చూపించను.


9 నవంబరు

అమ్మాయి ఫోను చేసింది. "ఎప్పుడొచ్చేస్తావు నాన్నా?" అంది. వచ్చే ఏడు అన్నాను. కిందటేడూ అదే అన్నాను.


12 నవంబరు, బుధవారం

తెల్లారేసరికి మెసేజి. మామా పోయింది.


13 నవంబరు

ఒకే పేటవాళ్ళు కదా, పలకరింపుకి బాబా వెళ్తే నన్నూ తీసుకెళ్ళాడు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోడానికి. మగాళ్ళు ఒక హాల్లో, ఆడవాళ్ళు లోపల. నేను వెనకవైపు డ్రైవర్లతో నిలబడ్డాను.

వంటింటి తలుపు తీసుకుని రత్నమణి గారు వచ్చింది. చేతిలో పళ్ళెం నిండా చిన్న కాఫీ కప్పులు. బయట కొళాయి దగ్గర పెట్టి కూలబడింది. మొహం వాచిపోయి ఉంది. పొద్దుట్నించీ వచ్చినవాళ్ళకి కాఫీలు పోస్తూనే ఉందంట. ఏడవడానికి కూడా తీరిక ఇచ్చి ఉండరు.

నేను వెళ్ళి ఎదురుగా కూచుని కప్పులు కడిగాను. ఆవిడ తోమింది, నేను కడిగాను. ఇంకో పళ్ళెం వచ్చింది. అదీ కడిగాం.


14 నవంబరు, శుక్రవారం

వంతెన దాకా వెళ్ళొచ్చాను.


21 నవంబరు, శుక్రవారం

ఇవాళ జరిగింది సరిగ్గా రాసుకోవాలి.

ఆవిడ వచ్చి చువ్వల దగ్గర నిలబడింది. మామా పెద్దకొడుకు ఫహద్ ఆవిడ కఫీలు, అంటే వీసా అతని పేరు మీదే. ఇంక ఇంట్లో ముసలివాళ్ళు లేరు, నీ పని ఖలాస్, ఇక్కడుండే ఇఖామా కాగితం కేన్సిలు చేసి టిక్కెట్టు తీస్తాను అన్నాడంట. మర్యాదగానే చెప్పాడంట.

"ఎప్పటికండీ?" అన్నాను.

"వచ్చే నెల్లో. మా చెల్లి మెర్సీ రమ్మంటోంది. వాళ్ళింటి వెనక ఒక గదుంది, అందులో ఉండమంటోంది. వెళ్ళి ఏం చెయ్యాలో తెలీట్లేదండి. ఇన్నేళ్ళూ పొద్దున లేస్తే ఒకళ్ళకి మందులెయ్యాలి, ఒకళ్ళకి గంజి పెట్టాలి. రేపు లేచి ఎవరికి పెట్టాలి? భయమేస్తోంది."

నాకు చెప్పాలనిపించింది. ఆవిడ నా కేసే చూస్తోంది.

"ఈ వంతెనకి రంగేస్తారంటండీ" అన్నాను.

"మంచిదేగా" అంది. సంచి తీసుకుని ప్రార్థనకి వెళ్ళిపోయింది.

రంగేస్తారని నాకెవరూ చెప్పలేదు.


22 నవంబరు

ఆలోచించాను. బాబా ఇంట్లో పెద్ద మామాకి మోకాళ్ళ నొప్పులు. మనిషి కావాలి. రత్నమణి గారికి పని పోతోంది. ఫహద్ వదిలేస్తున్నట్టు రిలీజు కాగితం ఇస్తే చాలు, ఇఖామా ఇటు మార్చుకోవచ్చు. అందరికీ మంచిది. నా కోసం కాదు.


24 నవంబరు, సోమవారం

అడిగాను. అబూ యూసఫ్ అని అందరూ పిలిచే మా బాబాని, ఇన్నేళ్ళలో నేను నాకంటూ ఏదీ అడగలేదు. జీతం కూడా ఆయనే గుర్తొచ్చినప్పుడు పెంచాడు. ఇవాళ సాయంత్రం ఎవరూ రాకముందు టీ పోస్తూ అడిగాను. పోసిన టీ సాసర్లోకి పొర్లింది.

"ఫహద్ వాళ్ళమ్మ ఉమ్ ఫహద్‌ని చూసుకున్న మనిషేనా? జైన్, బావుంది, చాలా మంచిది" అని, నేను టీ కెటిలు కింద పెట్టేలోపే ఫహద్‌కి ఫోను చేశాడు. నవ్వుకున్నారు, దేవుడి పేర్లు చెప్పుకున్నారు, అయిపోయింది. "యల్లా సూరీ, నీ పని అయింది" అన్నాడు.

ఇంత తేలికా. ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదో.

శుక్రవారం నేనే చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పను. ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలి.


28 నవంబరు, శుక్రవారం

నాకంటే ముందే వచ్చి మధ్యలో నిలబడి ఉంది. సంచి లేదు. 

"మీకో మంచి మాట చెప్పాలి" అన్నాను.

"తెలిసిందండి. బుధవారం ఫహద్ చెప్పేడు. సర్దుకో, ఆదివారం నించి అబూ యూసఫ్ గారింట్లో పని అన్నాడు."

"ఆయ్" అన్నాను, సంతోషంగానే.

"మాట్లాడింది మీరేనంట."

"ఆయ్. మా బాబా అడగ్గానే—"

"నన్ను అడిగేరా?"

నాకు అర్థం కాలేదు. మీకు పని పోతోంది కదా అన్నాను. ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదన్నారు కదా అన్నాను.

"భయమేస్తోందన్నాను. భయమేస్తే ఇష్టం లేనట్టా? పెళ్ళికి నన్ను మా నాన్న అడగలేదు. ఇక్కడికి పంపేటప్పుడు ఏ ఇంటికని ఏజెంటు అడగలేదు. ఆ ఇంట్లోంచి మామా ఇంటికి, సామాను దింపినట్టు దింపి వెళ్ళేడు మొదటి కఫీలు. వాళ్ళకి నేనెవర్నండీ, అడగరు. మీరేంటి మరి? నాతో మాట్లాడ్డానికి మొహమాటం, నా గురించి మీ బాబాతో మాట్లాడ్డానికి లేదా?"

గట్టిగా అనలేదు. కార్ల చప్పుడులో వినబడేంత అంతే.

"మామాకి చివర్లో మాట పోయింది. అయినా చెంచాడు నీళ్ళు పోసేముందు తాగుతారా అని అడిగేదాన్ని. కళ్ళు మూసి తెరిచేదాకా ఆగేదాన్ని. మాటున్నదాన్ని, నన్నడగడానికి మీకేమైంది?"

ఆవిడ హవల్లీ వైపు వెళ్ళలేదు. వెనక్కి జాబ్రియా మెట్లు దిగిపోయింది. ప్రార్థన ఇవాళ మానేసింది, నా వల్ల.


29 నవంబరు

మంచే చేశాను. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు.


30 నవంబరు, ఆదివారం

మేడ మీద గది కడిగి ఉంచారు. కొత్త దుప్పటి వేశారు. ఆవిడ రాలేదు. ఇంకో నాలుగు రోజులు పడుతుందని ఫహద్ బాబాకి చెప్పాడంట.

ఆ గది కిటికీలోంచి చూస్తే నా గది తలుపు కనబడుతుంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. 22న రాసుకోలేదు అంతే.


2 డిసెంబరు, మంగళవారం

సత్యప్రసాద్ దగ్గరికి వెళ్ళాను. ప్రింట్లకి అని వెళ్ళాను, కొత్త ఫోటోలేం లేవు. మొత్తం చెప్పాను. నేను అంతసేపు మాట్లాడ్డం వాడు ఎప్పుడూ చూడలేదు, ఇద్దరు కొనేవాళ్ళని వెనక్కి పంపేశాడు.

"ఆవిడకి పని కావాలని మీతో అందా బాబాయ్?"

"లేదు."

"మరి మీకేం కావాలి?"

నేను అద్దాల బీరువాలో ఫోన్ల కవర్లు చూస్తున్నాను.

"మీ బాబాని ఏం అడగాలో మీకు తెలుసు. ఇఖామా, సెలవు, టిక్కెట్టు. నాకూ అవే తెలుసు. ముప్పై ఏళ్ళు ఏది కావాలన్నా కఫీలునే అడిగి అలవాటైపోయింది. ఆవిడ దగ్గరికెళ్ళి అడగాల్సింది కూడా పట్టుకెళ్ళి ఆయన్ని అడిగేశారు. ఇప్పుడు ముందు అది వెనక్కి తీసుకోండి."

"బాబా ఏమనుకుంటాడు?"

"ఏదో ఒకటి అనుకుంటాడు. ఆవిడ ఏమనుకుంటోందో తెలుసు కదా."

వాడు ఇవాళ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.


3 డిసెంబరు, బుధవారం

బాబాకి చెప్పాను. 24న అడగడం కంటే ఇది కష్టమైంది. నా అరబ్బీ అంతా డ్రైవరు అరబ్బీ. కుడి, ఎడమ, ఆపు, వస్తున్నా. ఇలాంటి మాటలు అందులో లేవు.

"బాబా, ఆ మనిషి విషయం నేను తప్పు చేశాను. ఆమెని అడక్కుండా మీకు చెప్పాను."

"ఆమెకి ఇష్టం లేదా?"

"తెలీదు బాబా. అడగలేదు."

ఆయన నా మొహం చూశాడు. ముందు నవ్వాడు, చాలాసేపు నవ్వాడు, దగ్గొచ్చింది. నీళ్ళిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సూరీ, నువ్వు పనిమనిషి కోసం అడిగావా, నీ కోసం అడిగావా?"

నేను ఆ గ్లాసు తీసుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఫహద్‌కి ఫోను చేసి, ఆమె ఇటు వస్తానన్నా ఇంటికి పోతానన్నా ఆమె మాటే మాట అని చెప్పాడు. నా ఎదురుగానే చెప్పాడు.


5 డిసెంబరు, శుక్రవారం

వాన. ఈ దేశంలో ఇలాంటి వాన ఏడాదికి రెండు మూడు సార్లే. వంతెన ఎక్కేసరికి కింద రోడ్డు మీద నీళ్ళు నిలబడి కార్లు పాక్కుంటూ పోతున్నాయి. రేకు మీద వాన చప్పుడుకి నా అడుగు నాకే వినబడలేదు. కప్పు అక్కడక్కడ కారుతోంది. కారని చోటు చూసుకుని నిలబడ్డాను. ఆవిడ రాదనుకున్నాను. ఫోను తియ్యలేదు, ఇంత మంచి వెలుగు అయినా.

వచ్చింది. గొడుగు లేదు, సంచి నెత్తి మీద పెట్టుకుంది. నన్ను చూసి ఆగి, తర్వాత వచ్చి పక్కనే నిలబడింది. కారనిది ఆ ఒక్క చోటే మరి.

"బాబాకి చెప్పాను. నేను అన్నది తప్పని చెప్పాను" అన్నాను. ఈసారి ముందు నేనే మాట్లాడాను.

"ఫహద్ చెప్పేడు. ఏం చేస్తావు అని నన్ను అడిగేడు. నిలబడి అడిగేడు. తెల్లబోయేననుకోండి."

"ఏం చెప్పారు?"

"వెళ్తానని చెప్పేను. పదిహేనో తారీకు. భయం భయంగానే ఉంది. కానీ చెల్లి ఇంటి వెనక గదిలో ఉండను. నర్సాపురంలోనే సొంతంగా ఒక గది తీసుకుంటాను. ఈసారి ఏ గదో నేను చూసుకుంటాను, కిటికీ ఎటుందో కూడా నేనే చూసుకుంటాను."

"మంచిదండీ" అన్నాను. మంచిదే. పదిహేనో తారీకంటే ఇంక పది రోజులే. అయినా మంచిదే.

"మీ మీద కోపం పోయిందండి. పూర్తిగా కాదు. చాలా పోయింది."

"క్షమించండి అని చెప్దామని వచ్చాను."

"చెప్పేశారుగా. ఇంకేదో ఉంది. మీ మొహంలో అక్కడే ఆగింది." సంచి కింద పెట్టింది. "వాన తగ్గేదాకా ఇక్కడే ఉంటాను. చెప్పండి."

నోరు తెరిచాను. రెండు సార్లు తెరిచాను. వాన తగ్గలేదు, అది నా తప్పు కాదు. మాట రాకపోవడం నా తప్పే. ఎవరో ఫిలిప్పీను అమ్మాయిలు ముగ్గురు తడిసి నవ్వుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళారు. తర్వాత వాన తగ్గింది. రేకు కొసల నించి చుక్కలు మాత్రం పడుతున్నాయి.

ఆవిడ సంచి తీసుకుంది. నేను అయిపోయిందనుకున్నాను.

"మాటల్తో మీ వల్ల కాదు లెండి" అంది. "రాసి పంపండి. నేను చదువుకుంటాను. ఒక్కటి. వంతెనల గురించి రాస్తే మాత్రం ఊరుకోను."

మెట్లు దిగుతూ వెనక్కి చూసింది.


6 డిసెంబరు, శనివారం

ఉదయం. బాబా ఇంకా లేవలేదు. రాసి ఫోటో తీసి ఆవిడకి పంపుతాను. వెలుగు చాలు.

రత్నమణి గారికి,

సూరిబాబు రాస్తున్నాను.

మీరు వెళ్ళాక నేనూ వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఇక్కడ నాకు పని తక్కువే, ఉన్నానంటే అలవాటు కొద్దీ ఉన్నాను. నర్సాపురంలో మీరు ఏ వీధిలో ఉంటే ఆ వీధిలో నేనూ ఒక గది చూసుకుంటాను. సాయంత్రాలు వచ్చి మీ అరుగు మీద కూచుంటాను. టీ నేను పెడతాను. అదొకటి నాకు బాగా వచ్చు. అది వద్దంటే రాను.

ఇద్దరికీ ఒకటే ఇల్లు చాలు అని మీకనిపిస్తే, అలా కూడా నాకు ఇష్టమే. ఇష్టం అంటే చాలా ఇష్టం. పెళ్ళి అంటారా, మీరెలా అంటే అలా. మీ పాస్టరు గారిని అడగాల్సింది ఉంటే మీరు అడగండి. ఆదివారం మీరు ప్రార్థనకి వెళ్తే నేను వంట చేసి ఉంచుతాను. సూరాయమ్మ ఫోటో ఒకటి నా దగ్గరుంది, అది గోడకి పెట్టుకుంటాను. మీ ఆయన ఫోటో ఉంటే అదీ పెడదాం.

పొద్దున లేచి ఎవరికి పెట్టాలి అన్నారు కదా. నాకు పెట్టమని అడగట్లేదు. మీరు ఇన్నేళ్ళు చేశారు, ఇంక కూచోండి. నేను మీకు పెడతాను.

కాదన్నా ఫరవాలేదు అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. బాధగానే ఉంటుంది. అయినా కాదనిపిస్తే కాదనే చెప్పండి, నా బాధ చూసి ఔననకండి.

మా అమ్మాయికి చెప్పలేదు. బాబాని సెలవు అడగలేదు. సత్యప్రసాద్‌కి కూడా చెప్పలేదు. ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు చెప్పాకే వాళ్ళకి.

చదివిన వెంటనే, ఏదైనా సరే, తొందరగా జవాబు రాయండి.

ఇట్లు,
సూరిబాబు